సోమవారం గబ్బిలాల రెండో వైపు

పొద్దున్నే బాయిలరు వెలిగించడం, అది వేడెక్కేలోగా నానబెట్టిన దుప్పట్లు పిండి వెనక వరండాలో తీగల మీద ఆరేయడం, ఆ తర్వాత కౌంటరు తుడిచి కొట్టు తలుపులు బార్లా తీయడం. లాండ్రీ కొట్టు అక్కయ్యకి రోజూ ఇలాగే తెల్లవారేది. ఆవిరి ఇస్త్రీ యంత్రం ముందు నిలబడీ నిలబడీ ఆవిడ మొహం ఎప్పుడూ అప్పుడే కడుక్కొచ్చినట్టు ఉండేది. అందుకని వీధి వీధంతా ఆవిణ్ణి ఆవిరక్క అనేవారు. పిలిస్తే పలికేది గానీ, ఆ పేరు విన్నప్పుడల్లా ఆవిడకి కాళ్ళనొప్పులు గుర్తొచ్చేవి.

ఆవిరక్కకి ఒక తమ్ముడు. నలభై దాటినవాడు. బట్టలకి నంబరు చీటీలు కట్టడం, ఆరినవి మడతపెట్టడం వాడి పని అని చెప్పుకునేవారు. వాడు మనసుపెట్టి చేసే పని మాత్రం ఒకటే, రికార్డులు వేయడం. కౌంటరు వెనక స్టూలు మీద రికార్డు ప్లేయరు, దాని కింద చెక్కపెట్టెల్లో వరసగా నిలబెట్టిన రికార్డులు. అన్నీ సైకడెలిక్ రాక్.

అదేం సంగీతం నాయనా అని ఎవరైనా పొరపాటున అడిగారా, వాళ్ళ పని అయిపోయినట్టే. గిటారు నీళ్ళలో మునిగి మాట్లాడినట్టు ఉంటుందనీ, పాట మధ్యలో పాటే తలుపు తీసుకుని పక్కగదిలోకి వెళ్ళిపోతుందనీ, మనం దాని వెనకాలే వెళ్ళాలనీ మొదలుపెట్టి, బట్టల కోసం వచ్చినవాళ్ళు బట్టలు మరిచిపోయి పారిపోయేదాకా చెప్పేవాడు. ఆవిరక్కని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేసేది: "ఎవరో కుర్రాళ్ళు వాయిద్యాలు పట్టుకుని మేడ మీంచి జారిపడుతున్నారండీ. కాకపోతే నిదానంగా."

జారిపడితే పడ్డారు, ఆవిడకేం అభ్యంతరం లేదు. చిక్కల్లా రంగులతో వచ్చింది.

రికార్డు తిరుగుతున్నంతసేపూ కొట్లో బట్టల రంగులు బట్టల్లో ఉండవు. చొక్కాల్లో నీలం, దుప్పట్లలో ఆకుపచ్చ, కోట్లలో గోధుమరంగు ఒక్కొక్కటే లేచి గోడల మీద పాకుతాయి, పైకప్పు మీద చేరి మడుగుల్లా కదులుతాయి. ఒక వైపు పూర్తయి సూది మధ్యకి చేరాక, వచ్చినదారినే దిగి దేని బట్టలోకి అది వెళ్ళి పడుకుంటుంది. వీధిలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు, దీనికి ఆశ్చర్యపోయినవాళ్ళూ లేరు. వాళ్ళ బాధ వేరు.

"ఏవమ్మా, నా కోటు ముదురు నీలం గదా. కాలరు దగ్గర ఈ పసుపేమిటి?" అని బ్యాంకు గుమాస్తా వస్తాడు.

"ఒరేయ్, నిన్న ఏం వేశావురా?" అని ఆవిరక్క లోపలికి కేకేస్తుంది.

"తేనెటీగల రైలు!"

"విన్నారుగా. దాంట్లో పసుపు బద్ధకంగా దిగుతుందండీ. అప్పుడప్పుడు దారి తప్పుతుంది. రేపు రండి, సర్దిపెడతాను."

"రేపు మా పెద్దసారుతో మీటింగమ్మా!"

"ఇంకో కోటు వేసుకోండి మరి, నన్నేం చెయ్యమంటారు?" అనేది, తప్పు ఆయనదే అయినట్టు ఒళ్ళు మండిపోతూ.

ఒక రికార్డు వేస్తే చారల చొక్కాలు చుక్కల చొక్కాలయ్యేవి. ఇంకోటి వేస్తే తెల్లబట్టలన్నీ మిగతావాటి మీద అలిగినట్టు కాస్త మాసిపోయేవి. ఏ రికార్డు ఏం చేస్తుందో ఆవిడకి కంఠతా వచ్చేసింది. తను నేర్చుకుందామని నేర్చుకున్నది కాదు. ఒకే కొట్లో ఇరవైయేళ్ళుగా చెవులు మూసుకునే వీల్లేక వచ్చిన చదువు.

తమ్ముడికి ఒక తోడుదొంగ ఉండేవాడు, పోస్టుమాన్. ఆ వీధిలో ఉత్తరాలు పంచడం ముగించుకుని, సంచీ కౌంటరు మీద పడేసి, కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. ఇక ఇద్దరికీ వాదన. ఏ ఆల్బమ్ గొప్పది అని కాదు. ఏ బ్యాండుని లోకం ఎక్కువగా నిర్లక్ష్యం చేసింది అని.

"అద్దంలో గాడిదలు! వాళ్ళకన్నా అన్యాయమైపోయినవాళ్ళు ఇంకెవరున్నారు చెప్పు" అనేవాడు పోస్టుమాన్.

"వాళ్ళ రికార్డు మా మేనత్త దగ్గర కూడా ఉంది. మేనత్తల దగ్గర ఉన్నది నిర్లక్ష్యమా?" అని తమ్ముడు కొట్టిపారేసేవాడు. "సోమవారం గబ్బిలాలు అను, ఒప్పుకుంటాను. ఒక్కటే ఆల్బమ్. 'పాకే మెట్లు'. అచ్చయిన కాసిన్నిట్లో సగం గోదాములో తడిసిపోయాయి. దాని రెండో వైపు విన్నవాళ్ళు ఇవాళ లోకంలో నేనూ నువ్వూ."

"నేనూ ఉన్నాను" అనేది ఆవిరక్క, ఇస్త్రీ చేస్తూ.

"నువ్వు వినలేదక్కా. నీ చెవిన పడింది, అంతే."

తమాషా ఏమిటంటే, ఈ బ్యాండుల్ని ఎవరూ పట్టించుకోలేదని వాడు నెత్తీ నోరూ కొట్టుకునేవాడా, తీరా ఎవరైనా పట్టించుకుని "బాగుందయ్యా, ఇంకోసారి వెయ్యి" అంటే మొహం మాడ్చుకునేవాడు. అందరికీ నచ్చేస్తే ఇక తనకేం మిగులుతుంది?

రంగుల విషయంలో కొట్లో ఒక్కటే కట్టుబాటు ఉండేది. మొదలుపెట్టిన వైపు మధ్యలో ఆపకూడదు. సూది ఎత్తేస్తే రంగులు ఎక్కడున్నవి అక్కడే ఉండిపోతాయి. ఆవిరక్క పెట్టిన కట్టుబాటే అది. దానివల్ల ఎక్కువ అవస్థ పడ్డదీ ఆవిడే, ఎందుకంటే పాకే మెట్లు రెండో వైపంతా ఒకటే పాట. భోజనాలయ్యాక వాడు అది వేసేవాడు, ఆవిడ బాయిలరు మళ్ళీ రాజేసేది. పాట అయ్యేదాకా కొట్లో ఏ బట్ట ఎవరిదో తెలియక, ఆవిడ ఖాళీ చేతులతో పైకప్పుకేసి చూస్తూ నిలబడేది.

ఆ సంవత్సరం వానలు వెనకబట్టాక, ఊళ్ళోని నాటకశాల నుంచి తెర వచ్చింది. మామూలు తెర కాదు, వేదిక ముందు వేలాడే ఎర్ర వెల్వెట్టు తెర. ఇద్దరు మనుషులు దాన్ని పేషెంటుని మోసినట్టు మోసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. వెనకాలే దుస్తుల గది పెద్దావిడ కర్ర ఊతంతో వచ్చింది. నాటకశాలలో వేషాలకీ తెరలకీ ఆవిడదే పెత్తనం.

"అమ్మాయ్, నా చేతులు వణుకుతున్నాయి. సూదిలో దారం ఎక్కడం లేదు" అంది పెద్దావిడ. "నా తర్వాత ఆ గది చూసుకునే మనిషి కావాలి. నీ పని చూశాను. ఈ తెర శుభ్రం చేసి, దీని ఎరుపు దీనికి ఉంచి తిరిగి ఇచ్చావనుకో, ఆ చోటు నీది."

ఆ దుస్తుల గది ఆవిరక్క ఎరుగును. తూర్పుకి ఒక కిటికీ. కిటికీ పక్కన వెడల్పాటి కుర్చీ. కూర్చుని చేసే పని! పుట్టి బుద్ధెరిగాక తను కూర్చుని చేసిన పనేదీ ఆవిడకి గుర్తుకు రాలేదు.

పెద్దావిడ వెళ్ళగానే తమ్ముణ్ణి పిలిచి ఎదురుగా నిలబెట్టింది.

"ఒరేయ్. ఈ తెర కొట్లో ఉన్నన్నాళ్ళూ ఆ ప్లేయరు ముట్టుకోకు."

"ముట్టుకోనక్కా."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

"ముట్టుకోనే తల్లీ! నాకు మాత్రం తెలీదా?"

తెలుసు, నిజమే. తెర ఉతికి, నీడన ఆరబెట్టి, కుచ్చులు దువ్వేదాకా వాడు ప్లేయరు వైపు తొంగి కూడా చూడలేదు. మధ్యాహ్నం వస్తే వెనక వరండాలో కూర్చుని గోళ్ళు కొరుక్కునేవాడు. ఆవిరక్కకి జాలి కూడా వేసింది. ఇచ్చే రోజు రానే వచ్చింది. సాయంత్రానికి పెద్దావిడ మనుషులతో వస్తుంది. తెర బల్ల మీద పరిచి ఉంది, పండిన మిరపకాయలా నిగనిగలాడుతూ. ఆవిరక్క కుచ్చులకి కట్టే తాడు కొనడానికి వీధి చివరి కొట్టుకి వెళ్ళింది.

అప్పుడే పోస్టుమాన్ పార్సిల్ తెచ్చాడు. ప్లేయరు కోసం తమ్ముడు ఎప్పటినుంచో ఎదురుచూస్తున్న కొత్త సూది. వచ్చిన సూది మంచిదో కాదో చూడద్దూ? బాగాలేకపోతే వెంటనే తిప్పి పంపాలి గదా? చూడాలంటే రికార్డు వేయాలి. మామూలు రికార్డు మీద సూది సంగతి ఏం తెలుస్తుంది, పాకే మెట్లు వేస్తేనే తెలుస్తుంది. మొదటి వైపు అరిగిపోయింది, కాబట్టి రెండో వైపే వేయాలి. ఇలా ఒక్కో మెట్టే దిగి, అన్నీ సబబుగానే ఆలోచించి, వాడు సూది దించాడు.

ఆవిరక్క తిరిగొచ్చేసరికి బల్ల మీద తెర వెలిసిపోయిన గోనెపట్టాలా పడి ఉంది. మిగతా బట్టల రంగులు ఇంకా లేవనే లేదు, ఎరుపంతా అప్పుడే పైకప్పు మీద సుడులు తిరుగుతోంది. దాని కింద తమ్ముడు పోస్టుమాన్‌కి గిటారు గురించి చెబుతున్నాడు.

"చచ్చినాడా!" అంది. అని, ఇరవైయేళ్ళుగా చేయని పని చేసింది. సూది ఎత్తేసి, రికార్డు ఊడబెరికి, చేతికి దగ్గరగా ఉన్న చోట పెట్టింది. దగ్గరగా ఉన్నది ఇస్త్రీ యంత్రం. దాని పలక వేడిగా ఉంది.

చూస్తుండగానే పాకే మెట్లు అంచులు లేచి, ఎండుటాకులా ముడుచుకుని, టోపీలాంటిదేదో అయిపోయింది.

పైన ఎరుపు సుడి ఆగిపోయింది. గాలి లేనప్పుడు ఆరేసిన బట్టలా కదలకుండా ఉండిపోయింది.

"అక్కా" అన్నాడు తమ్ముడు. "అది లోకంలో ఉన్న ఆఖరిదే."

"నా ఉద్యోగమూ ఆఖరిదేరా!" అని అరిచింది ఆవిరక్క. "తెర ఇలా చూపిస్తే ఆ పెద్దావిడ గడప కూడా ఎక్కనిస్తుందా నన్ను? ఇంకెప్పుడు కూర్చుంటానురా నేను? చచ్చాక పడుకోబెడితే పడుకోవడమేగానీ, నా నొసట కూర్చునే రాత లేదు!"

పోస్టుమాన్ మధ్యలోకొచ్చాడు. "అక్కగారూ, తెరకి కొత్తగా రంగు అద్దేస్తే?"

"పాత రంగు పైన బతికుండగా కొత్తది ఎక్కుతుందా ఎక్కడైనా? నీ బుర్ర సంచీలో పెట్టి మర్చిపోయావా?"

తమ్ముడు ఏదో ఒకటి చేయాలన్న ఆత్రంలో తేనెటీగల రైలు వేశాడు. ఎరుపు చెక్కుచెదరలేదు. గుమాస్తా కోటులో మిగిలిన నీలం కూడా లేచి వెళ్ళి ఎరుపు పక్కన కూర్చుంది. ఆ వైపు పూర్తయ్యేదాకా ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కాచుకున్నారు. కట్టుబాటు కట్టుబాటే. నీలం దిగింది. ఎరుపు దిగలేదు.

"ఆ పాటే కావాలి దానికి" అంది ఆవిరక్క. "ఎక్కడ ఆగిందో అక్కడ్నించి కావాలి. పాడు."

"ఎవరు, నేనా?"

"నాకన్నా నీకే కదరా తెలుసు! ఇరవైయేళ్ళు విన్నావు. నా చెవిన పడింది గానీ నేను వినలేదని కూడా అన్నావు. పాడిచావు."

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "ఊఁ... ఇక్కడ గిటారు వస్తుందక్కా. ఇది చూడు, వెనకనుంచి ముందుకి వాయించినట్టు ఉంటుంది, దానికోసం వాళ్ళు టేపుని తిరగేసి..."

"చెప్పకు. పాడు."

"పాడుతున్నాగా! టీం... టీటీం... దీని తర్వాత ఆర్గను. ఆ ఆర్గను వాయించినవాడు ఆ తర్వాత సంగీతం మానేసి..."

"ఒరేయ్!"

వాడు కళ్ళు తెరిచాడు. "నాకు రావట్లేదక్కా" అన్నాడు నెమ్మదిగా. "ఎక్కడ ఏముందో తెలుసు. ఎలా ఉంటుందో గుర్తులేదు."

పోస్టుమాన్‌కేసి చూస్తే అతను తల దించుకున్నాడు. రికార్డు తిరిగినన్నాళ్ళూ వాళ్ళిద్దరూ దాని గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు మరి.

"టీం టీటీం ఏమిట్రా నీ మొహం" అని కసిరింది ఆవిరక్క. "అక్కడ టీం లేదు. డ్రమ్ము రెండుసార్లు తడబడుతుంది, మెట్టు తప్పినవాడిలాగా. ధబ్... ధధబ్. అప్పుడు గిటారు పైనుంచి, ఊఁఊఁ... ఇలా జారుతుంది."

పైకప్పు నుంచి ఒక ఎర్రచుక్క టప్పున తెర మీద పడింది.

ఆవిరక్క చుక్కని చూసింది, పైకి చూసింది, చీర కొంగో తువ్వాలో ఏది అందితే దాంతో మొహం తుడుచుకుంది. ఇక చేసేదేముంది? చిరాకు పడుతూనే అందుకుంది. ధబ్. ధధబ్. నీళ్ళలో మునిగిన గిటారు ఆవిడ ముక్కులోంచి వచ్చింది. ఆర్గను పళ్ళ మధ్యనుంచి వచ్చింది. డ్రమ్ము కోసం బల్ల చెక్క మీద అరచేత్తో కొట్టింది. మనసుకి నచ్చి నేర్చుకున్న పాటైతే మధ్యలో సిగ్గో అనుమానమో వచ్చేదేమో. ఇది విసుగుతో నేర్చింది, ఒక్క ముక్క కూడా చెరగలేదు. ఎరుపు ధారకట్టి దిగసాగింది. ముందు కుచ్చులకి ఎక్కింది, తర్వాత అంచుకి, తర్వాత మధ్యభాగానికి.

గుమ్మంలో కర్ర చప్పుడైంది. పెద్దావిడ వచ్చి, తన మనుషుల్ని చేత్తో ఆపి, తలుపుకి ఆనుకుని నిలబడింది. ఆవిరక్క చూసింది గానీ ఆపలేదు. మధ్యలో ఆపకూడదు.

పాట చివరికొస్తుండగా ఆవిడకి గుర్తొచ్చింది. అక్కడ ఒక చోటు ఉంది. రోజూ సరిగ్గా ఆ చోటుకి పాట చేరేసరికి ఈవల బాయిలరు నిండి, బుస్సుమని ఆవిరి వదిలేది. ఆ చప్పుడులో అక్కడ ఏముందో ఆవిడ ఒక్కనాడూ వినలేదు. తమ్ముడికేసి చూసింది. వాడు చేతులు రెండూ జోడించి నిలబడ్డాడు, తన వల్ల ఏం కాదని చెబుతున్నట్టు. పైన ఇంకా ఒక చారెడు ఎరుపు మిగిలి ఉంది.

ఏం పాడాలో తెలియక, ఆవిరక్క తిట్లు పాడింది. ఆ డ్రమ్ము నడక తప్పకుండా, ఆ గిటారు జారుడులోనే, మాటల్ని పాటలో కలిపేసి, తమ్ముణ్ణీ పోస్టుమాన్‌నీ కాలరు గుమాస్తానీ బాయిలరునీ తన మోకాళ్ళనీ ఏకరువు పెట్టి దులిపేసింది. గొంతు చీలింది. చీలినచోట కూడా పాట నిలిచింది. అక్కణ్ణుంచి తెలిసిన దారి దొరికింది, మెల్లగా దిగి, మధ్యకి చేరి, ఆగింది.

పైకప్పు తెల్లగా ఉంది.

పెద్దావిడ వచ్చి తెర పొడుగునా చెయ్యి వేసి రాస్తూ నడిచింది. ఎరుపు ఎరుపుగానే ఉంది. కింద ఒక మూల మాత్రం చేతివెడల్పున ఒక పట్టీ. అది ఎరుపు కాదు. కొలిమిలోంచి తీసిన ఇనుము చల్లారబోయే ముందు ఉండే రంగులాంటిది. లాంటిదే, అది కూడా కాదు.

"ఇక్కడేం పాడావు?" అంది పెద్దావిడ.

ఆవిరక్క తల వంచుకుంది. "నాకు రాదమ్మగారూ ఆ చోటు. ఎప్పుడూ వినలేదు. ఏదో... నోటికొచ్చింది పాడాను. దీని ఎరుపు దీనికి ఉంచమన్నారు. ఉంచలేకపోయాను."

"అవును, ఉంచలేదు" అంది పెద్దావిడ. ఆ పట్టీని గోటితో గీరింది. పోలేదు. "మా నాటకశాలలో ప్రదర్శన ఉన్న ప్రతిరోజూ వేదిక ముందు వాయిద్యాలవాళ్ళు కూర్చునే గుంటలోంచి సంగీతం మొదలవుతుంది. మొదలవగానే రాజు అంగీ తెల్లబోతుంది, చెలికత్తె పావడా రంగు పోయి దీపాల దగ్గర కూర్చుంటుంది. నేను ఇన్నాళ్ళూ వెనకనుంచి గొణుక్కుంటూ వాటిని దింపుకొచ్చాను. ఇప్పుడు నా ఊపిరి చాలడం లేదు. శుభ్రంగా ఉతికేవాళ్ళు నాకు బోలెడుమంది దొరుకుతారమ్మాయ్. దారి మరిచిపోయినప్పుడు కూడా ఆపకుండా పాడేవాళ్ళే దొరకలేదు." కర్ర నేలకి తాటించింది. "సోమవారం రా. కుర్చీ కాస్త కిర్రుమంటుంది, చమురు వేయించుకో."

మనుషులు తెర ఎత్తుకుపోయారు. తమ్ముడు టోపీలా ముడుచుకున్న రికార్డుని రెండు చేతుల్లో పట్టుకుని, ఎటువైపు చూడాలో తెలియనట్టు నిలబడ్డాడు. వాణ్ణి తిడదామని నోరు తెరిచింది ఆవిరక్క. తిట్లన్నీ ఖర్చయిపోయాయి. "పోయి మొహం కడుక్కో" అంది.

ఆవిడ నాటకశాలకి వెళ్ళడం మొదలుపెట్టిన రెండో వారంలో, ఒక మధ్యాహ్నం దుస్తుల గది తలుపు చప్పుడైంది. తమ్ముడూ, వెనకాల పోస్టుమాన్. ఇద్దరూ తలలు దువ్వుకుని వచ్చారు.

"ఏమిట్రా? కొట్టు ఎవరు చూస్తున్నారు?"

"అక్కా" అని నసిగాడు తమ్ముడు. "అది... నువ్వు ఖాళీగా ఉంటే... రెండో వైపు ఒకసారి..."

"నాకు పనుంది."

"పని చేసుకుంటూనే. మేం ఆ మూల కూర్చుంటాం."

ఆవిరక్క విసుక్కుంది. సూదిలో దారం ఎక్కించుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చుని, చెలికత్తె పావడా అంచు కుడుతూ మొదటినుంచీ ఎత్తుకుంది. గోడలకి వేలాడుతున్న వేషాల రంగులు ఒక్కొక్కటే లేచి పైకి వెళ్ళాయి. గిటారు జారే చోటుకి వచ్చేసరికి తమ్ముడు పోస్టుమాన్ వైపు వంగి, చెయ్యెత్తి, నోరు తెరిచాడు. ఆవిడ పాట ఆపకుండానే వాడికేసి ఒక్క చూపు చూసింది. వాడు నోరు మూసుకున్నాడు.

మళ్ళీ తెరవలేదు. ఆర్గను వచ్చింది, వెళ్ళింది. తిట్ల చోటు వచ్చింది, అందులో తన పేరు వాడికి స్పష్టంగానే వినిపించి ఉండాలి, కదల్లేదు. పాట అయిపోయి, రంగులన్నీ దిగి దేని గుడ్డలోకి అది చేరాక కూడా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

"ఎలా ఉన్నాయి మీ గబ్బిలాలు?" అంది ఆవిరక్క, దారం పళ్ళతో కొరుకుతూ.

పోస్టుమాన్ తమ్ముడికేసి చూశాడు. గంటలకొద్దీ చెప్పినవాడు, టేపు ఎలా తిరగేశారో, ఆర్గను వాయించినవాడు ఏమైపోయాడో అన్నీ తెలిసినవాడు. వాడు చాలాసేపు వెతుక్కున్నాడు.

"తెలీదక్కా" అన్నాడు చివరికి. "ఇప్పుడే కదా విన్నాను."